డీజిల్ బోటులో ట్యాంకు మట్టాన్ని, ఇంధన ఖర్చును ఎలా కొలవాలి

స్టీరింగు ముందు బిగించిన డీజిల్ గేజ్ లీటర్లను కొలవదు. ట్యాంకులో ఒక చోట, ఆ క్షణాన, డీజిల్ ఎంత ఎత్తున నిలిచి ఉందో గ్రహించి, ఆ ఎత్తునే పావు, సగం, ముప్పావు అని చూపుతుంది. గోడలు నిటారుగా ఉన్న ట్యాంకులో ఎత్తుకూ లీటర్లకూ లెక్క సరిపోతుంది గానీ, బోట్లలో చాలా ట్యాంకులు అడుగుభాగం వంపుకు తగ్గట్టు కిందికి సన్నబడుతూ వస్తాయి. అడ్డుకోత కచ్చితమైన త్రిభుజంలా ఉండే ట్యాంకును తీసుకుంటే, ముల్లు సగానికి వచ్చేసరికి అందులో మిగిలేది నాలుగో వంతు డీజిలే; పావు దగ్గరికి చేరేసరికి మిగిలేది పదహారో వంతు. ముల్లును నమ్మి వేసుకున్న ప్రయాణపు లెక్క తలకిందులయ్యేది సరిగ్గా ఈ చివరి పావులోనే.

బోటుకు సంబంధించినంతవరకు డీజిల్‌ను నిజంగా లీటర్లలో కొలిచే సందర్భం ఒక్కటే ఉంటుంది: బంకు పంపు నుంచి ట్యాంకులోకి నింపుకునేటప్పుడు. అధికారిక తనిఖీకి లోబడి ఉండే ఆ పంపు మీటరు అంకెను ఆధారంగా పెట్టుకుని, ట్యాంకులో ముంచి మట్టం చూసే డిప్‌స్టిక్ నుంచి పైపులో ప్రవాహాన్ని కొలిచే ఫ్లో మీటరు దాకా మిగిలిన ప్రతి కొలతనూ దానితో సరిచూసుకుంటూ పోవడమే ఇక్కడ చెప్పబోయే పద్ధతి. కాబట్టి మీరు చేయవలసిన మొట్టమొదటి పని ఏ పరికరమూ కొనడం కాదు, ఒక నోటుపుస్తకం పెట్టి ప్రతి నింపుడులోనూ పంపు చూపిన లీటర్లను, అప్పటి ఇంజిన్ గంటలను రాసుకోవడం మొదలుపెట్టడం.

ట్యాంకుకు సొంత పట్టిక తయారుచేసుకోవడం

ట్యాంకు దాదాపు ఖాళీ అయిన సమయం చూసుకోండి. బోటు నీటి మీదే ఉండాలి, కదలకుండా కట్టి ఉండాలి, మంచినీళ్లు, సరంజామా, మనుషులు మామూలుగా ఎక్కడ ఉంటారో అక్కడే ఉండాలి. గట్టు మీద దిమ్మెలపై నిలబెట్టిన బోటు ముందు వెనుకల వాలు నీటిలో ఉన్నప్పటి వాలులా ఉండదు కనుక అక్కడ తీసిన కొలత తర్వాత అక్కరకు రాదు. ఇంజిన్, జనరేటర్, అదే ట్యాంకు నుంచి డీజిల్ తీసుకునే హీటర్ లాంటివన్నీ ఆపేయాలి. రెండు ట్యాంకులుండి వాటిని కలిపే పైపు ఉంటే దాని వాల్వు మూసేయాలి, లేకపోతే ఒకదానిలో పోసింది రెండోదానిలోకి జారుకుంటూ ఉంటుంది.

డిప్‌స్టిక్‌గా నిటారైన గట్టి కర్ర గానీ ఇత్తడి బద్ద గానీ వాడవచ్చు. రంగు, వార్నిష్ లేని కర్ర మీద తడిసిన గీత స్పష్టంగా కనిపిస్తుంది, అయితే డీజిల్ కర్ర పీచు వెంట మెల్లగా పైకి పాకుతుంది కనుక బయటకు తీసిన వెంటనే చదవాలి. లోహపు బద్ద అయితే గీత సరిగా కనిపించదు. అంచనాగా ఎంతవరకు తడుస్తుందో అక్కడ సుద్దముక్కతో రుద్ది దించితే గీత తేటగా తెలుస్తుంది. బద్దను ప్రతిసారీ ఒకే రంధ్రం నుంచి, నిటారుగా, ఒకే చోట అడుగు తగిలేలా దించాలి. పదేపదే ఒకే చోట తగిలితే ట్యాంకు అడుగు రేకు అరిగిపోతుంది కాబట్టి మెత్తగా ఆనించాలి. కొత్తగా ట్యాంకు చేయించుకునేవారు బద్ద తగిలే చోట అడుగున అదనపు పలక వేయించుకోవడం మంచిది. డీజిల్ పోసే గొట్టం వంపులు తిరిగి ఉంటే అందులోంచి బద్ద వెళ్లదు. అలాంటప్పుడు ట్యాంకు పైపలకలో సెండర్ (మట్టాన్ని గ్రహించి గేజ్‌కు తెలిపే పరికరం) పక్కన మూతతో కూడిన కొలత రంధ్రం ఒకటి పెట్టించుకోవాలి.

ఇప్పుడు 10 లేదా 20 లీటర్ల చొప్పున నింపండి. ప్రతి విడత తర్వాత పంపు ఆపి, నురగ అణిగేదాకా ఆగి, బద్ద దించి, తడి ఎన్ని మిల్లీమీటర్లు ఉందో, పంపు మొత్తం ఎన్ని లీటర్లు చూపిందో, గేజ్ ముల్లు ఎక్కడుందో మూడూ ఒకే వరుసలో రాయండి. అడుగు సన్నగా ఉన్న ట్యాంకులో మొదటి విడతలు చిన్నవిగా, 5 లీటర్ల చొప్పున ఉంటే ఇంకా మంచిది, ఎందుకంటే వెనక్కి తిరగాలా ముందుకు వెళ్లాలా అని మీరు తేల్చుకోవలసి వచ్చేది డీజిల్ ఆ అడుగు భాగంలో ఉన్నప్పుడే.

పట్టిక ఎలా ఉంటుందో తెలియడానికి 500 మి.మీ. లోతు, 300 లీటర్ల సామర్థ్యం ఉన్న త్రిభుజాకారపు ట్యాంకును చూడండి. తడి 100 మి.మీ. ఉంటే అందులో ఉన్నది 12 లీటర్లు, 250 మి.మీ. దగ్గర 75 లీటర్లు; 400 మి.మీ. దగ్గర 192 లీటర్లు. బద్ద చదవడంలో ఒక్క సెంటీమీటరు తేడా వస్తే అడుగున 100 మి.మీ. దగ్గర జరిగే పొరపాటు రెండున్నర లీటర్లు, పైన 400 మి.మీ. దగ్గర అదే సెంటీమీటరు దాదాపు 10 లీటర్లు. అందుకే నిండు ట్యాంకును బద్దతో కొలిచి ఖర్చు లెక్కగట్టడం అంత నమ్మదగినది కాదు, ట్యాంకు తగ్గేకొద్దీ మాత్రం బద్ద చెప్పే మాటకు విలువ పెరుగుతుంది.

ట్యాంకును ఖాళీ చేసి కూర్చునే వీలు అందరికీ ఉండదు. అలాంటివారు ప్రతిసారీ నింపడానికి ముందొకసారి, తర్వాతొకసారి బద్ద దించి, రెండు ఎత్తుల మధ్య పంపు పోసిన లీటర్లను రాసుకుంటూ వెళ్తే కొన్ని నింపుళ్లలో పట్టిక దానంతటదే పూర్తవుతుంది. ట్యాంకు నిఖార్సైన పెట్టె ఆకారంలో ఉంటే లోపలి పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 1000తో భాగిస్తే లీటర్లు వస్తాయి. అయినా ఒకసారి పంపుతో సరిచూడకుండా ఆ అంకెను నమ్మవద్దు.

పట్టికకు రెండు చివరలా హద్దులు గీసుకోవాలి. కింది హద్దు, ట్యాంకు నుంచి ఇంజిన్‌కు డీజిల్ పీల్చే పికప్ పైపు మూతి. అడుగున చేరే మురికీ నీరూ ఇంజిన్‌కు వెళ్లకుండా ఈ పైపును సాధారణంగా అడుగు నుంచి రెండు మూడు సెంటీమీటర్ల పైనే ఆపుతారు. దానికి కింద ఉన్న డీజిల్ మీది కాదనుకోవాలి. పైపును విప్పినప్పుడు దాని పొడవును ట్యాంకు లోతులోంచి తీసేస్తే ఈ ఎత్తు తెలుస్తుంది. అలల్లో బోటు ఊగుతుంటే మూతి మధ్యమధ్యలో గాలిని పీలుస్తుంది కాబట్టి సున్నా గుర్తును ఇంకొంచెం పైకే పెట్టుకోవడం తెలివైన పని. పై హద్దు ట్యాంకు అంచు కంటే కిందే, సామర్థ్యంలో సుమారు 95 శాతం దగ్గర ఉండాలి. డీజిల్ వేడెక్కితే వ్యాకోచిస్తుంది: ఒక్కో డిగ్రీ సెల్సియస్‌కు 1000 లీటర్లకు సుమారు 0.8 లీటరు పెరుగుతుంది. చల్లటి భూగర్భ ట్యాంకు నుంచి తెచ్చి పోసిన 400 లీటర్లు ఎండకు 15 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 5 లీటర్లు పెరిగి, చోటు లేకపోతే ట్యాంకులోకి గాలి ఆడే వెంట్ పైపులోంచి నీటిలోకి పోతాయి.

బద్ద చూపే ఎత్తులో నీరు కూడా కలిసి ఉండవచ్చు. నీరు డీజిల్ కంటే బరువు కాబట్టి అడుగున చేరుతుంది. నీరు తగిలితే రంగు మారే పేస్టు దొరుకుతుంది. దాన్ని బద్ద కింది కొసకు పూసి, అడుగుకు ఆనించి కొద్దిసేపు ఉంచితే ఎంత ఎత్తున రంగు మారిందో అంత నీరుందని అర్థం. ఆ ఎత్తును మొత్తంలోంచి తీసేయడమే కాదు, ఆ నీటిని బయటకు తీసేయాలి కూడా.

గేజ్‌నూ సెండర్‌నూ సరిచూడటం

పట్టిక చేతిలో ఉంటే గేజ్ ఏ గుర్తు దగ్గర నిజంగా ఎన్ని లీటర్లు ఉంటాయో మీకు తెలిసిపోతుంది, కనుక గేజ్ కచ్చితంగా లేకపోయినా నష్టం లేదు. ప్రతిసారీ ఒకే విధంగా చూపితే చాలు. ఒకే మట్టానికి ఒకసారి ఒక చోట, మరోసారి మరో చోట ముల్లు నిలబడుతుంటే మాత్రం సెండర్‌ను పరీక్షించాలి. సెండర్ తీగను విప్పి, మల్టీమీటరుతో దాని నిరోధాన్ని కొలవండి. ఐరోపా తరహా సెండర్లలో ట్యాంకు ఖాళీగా ఉంటే సుమారు 10 ఓమ్‌లు, నిండితే 180 ఓమ్‌లు. అమెరికన్ తరహా వాటిలో ఖాళీకి 240, నిండుకు 33. ఒక తరహా సెండర్‌కు రెండో తరహా గేజ్ తగిలిస్తే ముల్లు తిరగబడి, ట్యాంకు ఖాళీ అయ్యేకొద్దీ నిండుతున్నట్టు చూపుతుంది. నిరోధం సరిగానే ఉండి ముల్లు ఆడుతుంటే ఎర్త్ తీగ చివర పట్టిన తుప్పును మొదట అనుమానించండి.

సెండర్ ఉన్న చోటు కూడా ముఖ్యం. ట్యాంకు నడిమధ్యలో ఉంటే బోటు ముందుభాగం లేచినా, పక్కకు ఒరిగినా కొలత పెద్దగా మారదు. ఒక చివర ఉంటే వేగం పెంచి ముందుభాగం లేవగానే డీజిల్ వెనక్కి జరిగి ముల్లు ఒక్కసారిగా పెరగడమో తగ్గడమో జరుగుతుంది. అలాంటి బోటులో ఇంజిన్ తటస్థంగా ఉంచి, బోటు నీటి మీద సమంగా నిలిచాక చూసిన అంకెనే పుస్తకంలో రాయాలి.

చేతికి ఫ్లోట్ తగిలించిన పాత తరహా సెండర్ చవక, కానీ కీలు దగ్గర అరిగిపోతుంది. గొట్టంలో అయస్కాంతపు ఫ్లోట్ పైకీ కిందికీ జరిగే రకం ఎక్కువ కాలం నిలుస్తుంది. అయితే లోపలి రీడ్ స్విచ్‌ల (అయస్కాంతం దగ్గరికి వస్తే కలిసే స్విచ్‌ల) మధ్య దూరాన్ని బట్టి ముల్లు మెట్లు మెట్లుగా దిగుతుంది. పీడనాన్ని కొలిచే సెన్సర్ పెట్టేవారు ఒక విషయం గుర్తుంచుకోవాలి: ఒక మీటరు లోతు డీజిల్ కలిగించే పీడనం సుమారు 8.2 కిలోపాస్కల్‌లు, అదే లోతు నీటికి 9.8. నీటి ట్యాంకుకు సర్దిన సెన్సర్‌ను అలాగే తెచ్చి డీజిల్ ట్యాంకుకు పెడితే సుమారు 16 శాతం తక్కువ చూపుతుంది. ట్యాంకు పక్కన నిలువుగా పెట్టే పారదర్శక గొట్టం నా దృష్టిలో అన్నింటికంటే నిజాయతీ గల గేజ్, ఎందుకంటే అందులో కనిపించేది డీజిలే. కానీ ఆ గొట్టం పగిలినా, మంటకు కరిగినా ట్యాంకు మొత్తం బోటులోకి కారిపోతుంది కాబట్టి మంటను తట్టుకునే గొట్టమే వాడాలి, కింది కొసన వాల్వు తప్పక ఉండాలి, చూసేటప్పుడు తప్ప ఆ వాల్వు మూసే ఉండాలి.

నింపి, నడిపి, మళ్లీ నింపి చూడటం

ఖర్చు తెలుసుకోవడానికి అన్నింటికంటే సులువైన పద్ధతి ఇది. ట్యాంకును ఒక నిర్ణీత గుర్తు దాకా నింపి ఇంజిన్ గంటలు రాయండి. కొంతకాలం నడిపాక, అదే కట్టే చోట, బోటులో అంతే బరువు ఉన్నప్పుడు, మళ్లీ అదే గుర్తు దాకా నింపండి. రెండోసారి పంపు పోసిన లీటర్లను గడచిన గంటలతో భాగిస్తే గంటకు సగటు ఖర్చు వస్తుంది. 20 గంటలకు 60 లీటర్లు పడితే గంటకు 3 లీటర్లు.

ఈ పద్ధతికి ప్రాణం ఆ గుర్తును కచ్చితంగా పట్టుకోవడంలో ఉంది. నురగ వల్లనో, బోటు కాస్త ఒరగడం వల్లనో గుర్తు దగ్గర 5 లీటర్ల తేడా రావడం మామూలే. మొత్తం 20 లీటర్లే ఖర్చయి ఉంటే ఆ తేడా 25 శాతం, 200 లీటర్లు ఖర్చయి ఉంటే రెండున్నర శాతం. కనుక తొందరపడి చిన్న ప్రయాణానికే లెక్క తేల్చకుండా, ట్యాంకులో సగానికి పైగా ఖర్చయ్యాకే నింపి లెక్క చూడాలి. జనరేటరూ హీటరూ అదే ట్యాంకు నుంచి తాగుతుంటే వాటి గంటలను వేరుగా రాసి, వాటి వాటాను ముందే తీసేయాలి. గంటల మీటరును కూడా ఒకసారి గడియారంతో సరిపోల్చి చూడండి: కొన్ని మీటర్లు ఇంజిన్ తిరగకపోయినా తాళం తిప్పి ఉంటే చాలు నడుస్తాయి, కొన్ని పాత యాంత్రిక మీటర్లు ఒక నిర్ణీత ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) దగ్గర మాత్రమే నిజమైన గంటను గంటగా లెక్కిస్తాయి.

అయితే ఇలా వచ్చేది సగటు మాత్రమే. నిదానంగా నడిపిన గంటా, పూర్తి వేగంతో నడిపిన గంటా ఇందులో కలిసిపోతాయి. మీరు ఎప్పుడూ ఒకే ఆర్‌పీఎంలో నడిపేవారైతే ఈ సగటే చాలు. అలా కాకపోతే తర్వాతి పని చేయక తప్పదు.

ఆర్‌పీఎం వారీగా కొలవడం: కొలత డబ్బా

ముందుగా డీజిల్ ఇంజిన్‌లో ఇంధనం ఎలా తిరుగుతుందో తెలిసి ఉండాలి. ట్యాంకు నుంచి డీజిల్ లాగే లిఫ్ట్ పంపు ఇంజిన్‌కు కావలసిన దానికంటే చాలా ఎక్కువ డీజిల్‌ను పంపుతుంది. ఇంజెక్షన్ పంపూ ఇంజెక్టర్లూ అందులో కొంతే మండించి, మిగిలినదాన్ని రిటర్న్ పైపు ద్వారా ట్యాంకుకు వేడిగా తిప్పి పంపుతాయి. కాబట్టి ఇంజిన్‌కు వెళ్లే పైపును మాత్రమే కొలిస్తే వచ్చేది ఖర్చు కాదు. వెళ్లేదీ తిరిగి వచ్చేదీ రెండూ లెక్కలోకి రావాలి.

కొలత డబ్బా పద్ధతిలో ఈ చిక్కు తేలికగా విడిపోతుంది, ఎందుకంటే రెండు పైపులూ ఒకే డబ్బాలో ఉంటాయి. లీటరు గీతలున్న, డీజిల్‌ను తట్టుకునే 5 లేదా 10 లీటర్ల పారదర్శక డబ్బాను ట్యాంకు మట్టానికి దగ్గరి ఎత్తులో గట్టిగా కట్టండి. ఇంజిన్‌కు వెళ్లే పైపుకొకటి, రిటర్న్ పైపుకొకటి త్రీవే వాల్వులు పెట్టి, ఒక స్థానంలో రెండూ ట్యాంకుకు, మరో స్థానంలో రెండూ డబ్బాకు తిరిగేలా అమర్చండి. మొదట ట్యాంకు మీదే ఇంజిన్‌ను పదిహేను ఇరవై నిమిషాలు నడిపి వేడెక్కనివ్వండి. బోటు నీటిలో ప్రయాణిస్తూ ఉండాలి. కట్టేసి, గేరు వేయకుండా ఇంజిన్‌ను తిప్పితే భారం ఉండదు కనుక ఆ అంకె దేనికీ పనికిరాదు. అప్పుడు ముందు వెళ్లే పైపు వాల్వును, వెంటనే రిటర్న్ వాల్వును డబ్బా వైపు తిప్పండి. డబ్బాలో మట్టం ఒక గీతను దాటుతున్న క్షణాన గడియారం మొదలుపెట్టి, సరిగ్గా ఒక లీటరు కిందున్న గీతను దాటేదాకా ఆర్‌పీఎం మార్చకుండా నడిపి, ఎన్ని సెకన్లు పట్టిందో రాయండి. 3600ను ఆ సెకన్లతో భాగిస్తే గంటకు లీటర్లు. ఒక లీటరు 1440 సెకన్లలో అయిపోతే గంటకు రెండున్నర లీటర్లు అన్నమాట.

తిరిగి వచ్చే డీజిల్ వేడికి డబ్బాలోని డీజిల్ వ్యాకోచించి ఖర్చు తక్కువగా కనిపించే ప్రమాదం ఉంది, అందువల్ల డబ్బాలో వీలైనంత ఎక్కువ డీజిల్ ఉంచి, మొదటా చివరా ఉష్ణోగ్రత చూడండి. తూకం వేయగలిగితే ఈ బాధ ఉండదు: తగ్గిన కిలోలను 0.84తో భాగిస్తే లీటర్లు వస్తాయి. అయితే తూకానికి బోటు కదలకూడదు, పైపుల బరువు డబ్బా మీద పడకూడదు, కాబట్టి అది ప్రశాంతమైన నీటిలో మాత్రమే కుదిరే పని. డబ్బాలో మట్టం పికప్ మూతి దాకా దిగనివ్వవద్దు. గాలి పీలిస్తే ఇంజిన్ ఆగిపోతుంది, మళ్లీ గాలి తీయడం పెద్ద పని. పెట్రోలంత త్వరగా డీజిల్ ఆవిరి అంటుకోదన్నది నిజమే గానీ, వేడి ఎగ్జాస్ట్ పైపు మీద చిమ్మిన డీజిల్ నిప్పు పుట్టిస్తుంది. డబ్బాను ఎగ్జాస్ట్‌కు దూరంగా ఉంచి, మంటలార్పే సిలిండర్ పక్కన పెట్టుకుని, ఇంజిన్ గదిలో గాలి ఆడేలా చూసి, బోటు నడపడానికి మరో మనిషి ఉన్నప్పుడే ఈ పరీక్ష చేయాలి. పెట్రోలు ఇంజిన్ మీద దీన్ని అసలు ప్రయత్నించకూడదు.

వచ్చిన అంకె నమ్మదగినదో కాదో ఇంజిన్ శక్తితో సరిచూడవచ్చు. సాధారణ డీజిల్ ఇంజిన్ ఒక కిలోవాట్ శక్తిని గంటసేపు ఇవ్వడానికి సుమారు పావు లీటరు నుంచి 0.3 లీటరు దాకా తాగుతుంది. 20 కిలోవాట్లు ఇస్తుంటే గంటకు 5, 6 లీటర్లు. మీ కొలత రెండు లీటర్లనో పన్నెండు లీటర్లనో చెబితే ఎక్కడో పొరపాటుందని తెలుసుకోవాలి. తయారీదారు ఇచ్చే గ్రాఫులో పూర్తి భారం గీత, ప్రొపెల్లర్ భారం గీత అని రెండుంటాయి. మీరు పోల్చుకోవలసింది రెండోదానితో.

ఫ్లో మీటర్లు, ఎలక్ట్రానిక్ ఇంజిన్లు

ఎప్పటికప్పుడు తెరమీద అంకె కనిపించాలనుకునేవారు ఫ్లో మీటర్లు పెడతారు. వెళ్లే పైపుకొకటి, రిటర్న్‌కొకటి పెట్టి, మొదటిదానిలోంచి రెండోదాన్ని తీసివేసి ఖర్చు చూపడం వీటి పద్ధతి. ఇందులో ఉన్న చిక్కును లెక్క వేసి చూస్తేనే అర్థమవుతుంది. గంటకు 60 లీటర్లు వెళ్లి 55 తిరిగి వస్తే ఖర్చు 5. ఒక్కో మీటరులో ఒక్క శాతం పొరపాటుండి, రెండూ ఎదురెదురు దిక్కుల్లో తప్పితే తేడా 1.15 లీటర్లు, అంటే అసలు ఖర్చులో 23 శాతం. పైగా తిరిగి వచ్చే డీజిల్ 20 డిగ్రీలు వేడిగా ఉంటే ఆ 55 లీటర్లు వ్యాకోచించి మరో 0.9 లీటరు ఎక్కువగా కనిపిస్తాయి, ఖర్చు అంత తక్కువగా కనిపిస్తుంది. కాబట్టి రెండు మీటర్లనూ జతగా సరిచేసి, ఉష్ణోగ్రతను కూడా లెక్కలోకి తీసుకునే రకం కొనగలిగితేనే దీని మీద డబ్బు పెట్టండి. రిటర్న్ తక్కువగా ఉండే చిన్న ఇంజిన్లలో ఫలితం మెరుగ్గానే ఉంటుంది.

మీటరును ప్రాథమిక ఫిల్టరు తర్వాతే పెట్టాలి, లేకపోతే చిన్న నలుసు పడి దాని చక్రం ఆగిపోతుంది. చక్రం ఆగినా డీజిల్ వెళ్లేలా పక్కదారి పైపు, వాల్వు ఉండాలి. లిఫ్ట్ పంపు కొట్టుకునే తీరుకు డీజిల్ ముందుకూ వెనక్కూ ఊగి, అసలు లేని ప్రవాహాన్ని మీటరు లెక్కించే అవకాశం ఉంది. ఆర్‌పీఎం మారకపోయినా అంకె ఆగకుండా ఎగిరిపడుతుంటే కారణం ఇదే కావచ్చు. మీటరుకూ పంపుకూ మధ్య ఊపును అణిచే చిన్న గది అమర్చాలి.

ఇంజెక్టర్లను ఎలక్ట్రానిక్ కంట్రోల్ యూనిట్ నడిపే కామన్ రైల్ ఇంజిన్‌లో ఈ శ్రమ చాలావరకు ఉండదు. ఇంజెక్టర్లు ఎంత పీడనంలో ఎంతసేపు తెరుచుకోవాలో నిర్ణయించే కంట్రోల్ యూనిట్‌కే ఎంత డీజిల్ లోపలికి వెళ్తోందో లెక్క తెలుసు. ఆ అంకె ఇంజిన్ల సమాచార వ్యవస్థ అయిన జె1939 తీగ మీద 65266 సంఖ్య గల సందేశంగా, బోటు పరికరాల సమాచార వ్యవస్థ అయిన ఎన్‌ఎంఈఏ 2000లో 127489 సంఖ్య గల సందేశంగా వస్తుంది. ట్యాంకు మట్టానికి ఎన్‌ఎంఈఏ 2000లో వేరే సందేశం, 127505, ఉంది. తెరను ఇంజిన్‌కు కలిపేవారికి ఈ సంఖ్యలు అక్కరకొస్తాయి. అయినా అది లెక్కగట్టిన అంకే తప్ప కొలిచినది కాదు కనుక దాన్ని కూడా పంపు మీటరుతో సరిచూడాలి. తెర 200 లీటర్లు ఖర్చయిందని చెప్పినప్పుడు ట్యాంకు అదే గుర్తుకు నిండడానికి 210 పడితే, ఆ తెర చూపే ప్రతి అంకెనూ 1.05తో గుణించుకోవాలి. చాలా తెరల్లో ఈ గుణకాన్ని నమోదు చేసే వీలుంటుంది.

గంటల నుంచి దూరానికి

గంటకు ఎంత అనేది తెలిశాక మైలుకు ఎంత అనేది చూడాలి. ఒక్కో ఆర్‌పీఎంలో ఒకే దారిలో ఒకసారి అటు, ఒకసారి ఇటు నడిపి, జీపీఎస్ చూపిన రెండు వేగాల సగటు తీసుకోండి. అప్పుడు ప్రవాహం, గాలి చేసే మేలూ కీడూ ఒకదానికొకటి రద్దవుతాయి. గంటకు లీటర్లను నాట్లతో (గంటకు నాటికల్ మైళ్లతో) భాగిస్తే నాటికల్ మైలుకు లీటర్లు.

నీటిని చీల్చుకుంటూ పోయే బోటు, అంటే నీటి మీదికి లేవని బోటు, నాట్లలో అందుకోగల సహజ వేగం దాని నీటిగీత (నీటి మట్టం బోటును తాకే గీత) పొడవు మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 2.43తో గుణిస్తే వస్తుంది. 9 మీటర్లకు సుమారు 7.3 నాట్లు. ఆ వేగానికి దగ్గరయ్యేకొద్దీ ఖర్చు ఎలా ఎగబాకుతుందో ఒక ఉదాహరణ చూడండి. 5 నాట్ల దగ్గర గంటకు 2 లీటర్లు తాగే బోటు 6 నాట్లకు 3.6, 7 నాట్లకు 7 లీటర్లు తాగిందనుకుందాం. మైలుకు ఖర్చు వరుసగా 0.4, 0.6, 1.0 లీటరు. వాడుకోదగిన 100 లీటర్లతో మొదటి వేగంలో 250 మైళ్లు వెళ్లే బోటు మూడో వేగంలో 100 మైళ్లకే ఆగిపోతుంది. మీ బోటుకు ఇలాంటి పట్టిక వేసి స్టీరింగు పక్కన అతికించుకోండి. అడుగున నాచూ గవ్వలూ పట్టినప్పుడు అదే ఆర్‌పీఎంకు వేగం తగ్గుతుంది కనుక అడుగు శుభ్రం చేసిన వెంటనే ఒకసారి, పట్టాక ఒకసారి పరీక్షించి రెండు అంకెలూ రాసుకుంటే మంచిది. ఎదురుగాలిలో, అలల్లో ఖర్చు దీనికంటే ఎక్కువే ఉంటుంది. అందుకే వాడుకోదగిన డీజిల్‌లో మూడో వంతు వెళ్లడానికి, మూడో వంతు రావడానికి, మిగిలిన మూడో వంతు ముట్టకుండా ఉంచుకోవడానికి అనే పాత పద్ధతిని ఇప్పటికీ పాటించమనే నేను చెబుతాను.

పుస్తకం ఒకటి, బద్ద మరొకటి చెబితే

ప్రతి ప్రయాణం తర్వాత గంటలను పట్టికలోని ఖర్చుతో గుణించి, ట్యాంకులో ఎంత మిగలాలో రాయండి. తర్వాత బద్ద దించి ఎంత మిగిలిందో చూడండి. పాతిక లీటర్ల ఖర్చులో ఒకటి రెండు లీటర్ల తేడా ఉంటే పట్టించుకోనక్కరలేదు. తేడా పెద్దదై, ప్రతిసారీ ఒకే వైపుకు వస్తుంటే వెతకాలి.

బద్ద లెక్క కంటే ఎక్కువ చూపితే ముందు పేస్టుతో నీరు చూడండి. తక్కువ చూపితే ముందు వాల్వులు చూడండి: రెండు ట్యాంకులున్న బోటులో ఒక ట్యాంకు నుంచి డీజిల్ తీసుకుంటూ రిటర్న్ వాల్వు రెండోదాని వైపు ఉండిపోతే మొదటిది అనుకున్నదానికంటే చాలా వేగంగా తగ్గుతుంది, రెండోది నిండిపోయి వెంట్ ద్వారా నీటిలోకి పొర్లుతుంది. ట్యాంకు మార్చినప్పుడల్లా రెండు వాల్వులనూ కలిపి మార్చే అలవాటు లేకపోతే ఇది ఏదో ఒక రోజు జరుగుతుంది. అదీ కాకపోతే పైపుల కీళ్ల కింద, ఫిల్టరు కింద, ట్యాంకు అడుగు మూలల్లో తెల్ల కాగితం అద్ది చూడాలి, బిల్జ్ (బోటు లోపలి అడుగు) నీటి మీద రంగుల పొర ఉందేమో గమనించాలి.

బయట ఎక్కడా చుక్క కనిపించకుండా డీజిల్ తగ్గుతుంటే ఇంజిన్ ఆయిల్ డిప్‌స్టిక్ తీయండి. ఆయిల్ మట్టం పోసినదానికంటే పెరిగి, వేళ్ల మధ్య పలచగా తగిలి, డీజిల్ వాసన వేస్తుంటే లిఫ్ట్ పంపు డయాఫ్రమ్ చిరిగో, ఇంజెక్షన్ పంపు సీలు పోయో డీజిల్ ఇంజిన్ లోపలికే చేరుతోందని అర్థం. పలచబడిన ఆయిల్ బేరింగులను కాపాడలేదు కనుక ఆ స్థితిలో ఇంజిన్‌ను మళ్లీ తిప్పకుండా, పంపు బాగుచేయించి, ఆయిలూ ఆయిల్ ఫిల్టరూ రెండూ మార్చాకే బోటు కదిలించాలి.